మధ్యవర్తికి పట్టా వలదా?

మన యింటికి పనికి వచ్చువారి నేర్పు నేమాత్రమును విచారింపక లోనికి రానిత్తుమా? నగ చేయింపదలచిన కంసాలి పనితనమును నలుగురిని అడుగుదుము. బిడ్డకు జ్వరము తగిలినచో వైద్యుని పేరు ప్రక్కనున్న యక్షరములు చదువుదుము. పిల్లలకు పాఠము చెప్పవచ్చిన పంతులుగారిని సైతము ఎంతవరకు చదివితిరని మర్యాదగా అడిగి తెలిసికొందుము. కాని కూతురి కాపురము కలతపడి, లేక అన్నదమ్ముల నడుమ ఆస్తి తగవు పుట్టి, ఇల్లంతయు నిద్రలేక యున్న దినమున తగవు తీర్చెదమని వచ్చి కుర్చీలలో కూర్చున్నవారిని మాత్రము మన మొక్క మాటయు అడుగము. వారు పెద్దలు, అంతటితో సరి. ఈ నెల ఈ విషయమును గూర్చియే మన సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువుల యింట జరిగిన దొకటి మాకు మఱపునకు రాకున్నది. పేరులును ఊరును ఇచట చెప్పము. ఆ యింటి యమ్మాయికి పెండ్లియై నాలుగేండ్లు; మూడేండ్ల కొడుకు. భర్తతో పొసగక పుట్టినింటికి వచ్చియుండెను. ఇరువైపులవారును చెప్పుకొని అయిదుగురు పెద్దమనుష్యులను పిలిపించిరి. ఆనాడు మేమును ఆ యింటనే యుంటిమి. పెద్దలు సావడిలో కూర్చుండిరి. అమ్మాయి వంటయింటి వాకిలి చాటున నిలుచుండెను. ఉదయము పదిగంటలకు మొదలైన మాటలు దీపాలు పెట్టువేళ వరకు సాగెను. మూడుమార్లు కాఫీ లందించితిమి. అన్ని గంటలలో ఆ పిల్లను అడిగిన ప్రశ్న యొక్కటే: “ఏమమ్మా, పెద్దలము చెప్పినట్లు వినెదవా?” ఆమె తల యూచెను. కాగితము వ్రాసిరి, ఆమె సంతకము చేసెను.

ఆమె తిరిగి కాపురమునకు వెళ్లవలెనని ఆ కాగితములో నుండెను. పుట్టినింటివారు పెట్టిన నగలను గూర్చి ఒక్క యక్షరము లేదు. భర్త తనపై చేయి చేసికొనుచున్నాడన్న మాటయు లేదు. ఏలన ఆ మాటను మామగారి యెదుట, అంతమంది మగవారి యెదుట, ఆమె నోరు తెఱచి చెప్పజాలకపోయెను. ఆ యైదుగురిలో ఒకరు వరుని తండ్రికి వ్యాపారమున భాగస్థులని తరువాత తెలిసినది. ఎనిమిది నెలలకు ఆమె మరల పుట్టినింటికి వచ్చెను. ఈమారు ఎడమచేతికి కట్టుండెను. “అత్తయ్యా, ఆ దినమున నన్నొక్కదానిని ప్రక్కగదిలో కూర్చుండబెట్టి ఎవరైనను అడిగియుండినచో చెప్పియుందును” అని మాతో ననెను. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను. మేమును ఆనాడు కాఫీ లందించితిమే కాని అడుగలేదు గదా!

ఆ పెద్దలు చెడ్డవారని మా యభిప్రాయము గాదు. తమ పనులు మానుకొని వచ్చిరి; ఒక్క కాసును పుచ్చుకొనలేదు. మన యూళ్లలో రచ్చబండల మీద, దేవాలయపు అరుగుల మీద తీరిన తగవు లెన్నియో కలవు. కోర్టు మెట్లెక్కకుండ నిలిచిన కాపురములును కలవు. కాని పెద్దరికము ఒకటి, తగవు తీర్చు విద్య మఱియొకటి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదను సామెతను పుట్టించినవారు మన పూర్వులే. తీర్చవచ్చినవాని కందులో లాభమేమి గలదో ముందు చూచుకొమ్మని దాని తాత్పర్యము.

మొదట మాటను సరిచూచుకొందము. మధ్యవర్తి యనుమాటను మనము పలువురికి వాడుచున్నాము. పెండ్లి సంబంధము కుదుర్చువాడు మధ్యవర్తి. పోలీసువారు పంచనామా వ్రాయునపుడు సాక్షిగా నిలుచువాడును మధ్యవర్తియే. ఇరువురి వాదము విని తీర్పు చెప్పు ఆర్బిట్రేటరును గూడ కొందరట్లే పిలుచుచున్నారు. మేమిచట చెప్పునది మీడియేటరను వారిని గూర్చి. ఈయన తీర్పు చెప్పడు. చెప్పు నధికార మాయనకు లేదు. రాయబారియు గాడు; శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు వెళ్లినది పాండవుల పక్షమున గదా. మధ్యవర్తి ఏ పక్షము వాడును గాడు. ఇరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి మాటాడించును. అవసరమైనచో ఒక్కొక్కరిని వేరుగా పిలిచి వినును. వేరుగా విన్నదానిని చెప్పినవారి యనుమతి లేక రెండవవారి చెవిని వేయడు. కుదిరిన యొప్పందము పక్షములవారిదే గాని ఆయనది గాదు. కుదరకపోయినను అక్కడ రాజీకొఱకు ఆడిన మాటలను కోర్టులో సాక్ష్యముగా చూపరాదు. మా బంధువుల పిల్ల కోరినది ఇందులో ఒక్కటియే: వేరుగా పిలిచి వినుట.

ఇది కూడ నేర్వవలసిన విద్యయా యని నవ్వువారు కలరు. మన అవ్వల కాలమున పురుడుపోయు పనిని గూర్చియు ఇట్లే నవ్విరి. వాడలో చేయి తిరిగిన మంత్రసాని యుండగా పట్టా యెందులకని యడిగిరి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చెన్నరాజధానిలో నున్న కాలమున, 1926 వ సంవత్సరమున, నర్సులను మంత్రసానులను గూర్చిన చట్టము పుట్టి, శిక్షణ పొందినవారి పేరులను రిజిస్టరులో నెక్కించు నేర్పాటు కలిగెను. పాత మంత్రసానులందరును పనికిరానివారని దాని యర్థము గాదు. పని నేర్చిన చేయి యేదో తెలియవలెను. ఆ చేయి తప్పు చేసినచో అడుగుట కొక చోటుండవలెను. ఏ పట్టాలోనైనను సారము ఈ రెండే. గోడకు తగిలించిన అద్దపు చట్రములో వేఱు మహిమ యేమియు లేదు.

మన దేశమున మధ్యవర్తిత్వమునకు క్రమము వచ్చి ఎంతో కాలము కాలేదు. దంపతుల వ్యాజ్యములలో మొదట సమాధానమునకు యత్నింపవలెనని 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము న్యాయాధిపతులకు విధించెను. సివిలు ప్రొసీజరు కోడులోని 89 వ సెక్షను 2002 జూలై 1 నుండి అమలునకు వచ్చి, తగిన వ్యాజ్యములను కోర్టులు రాజీమార్గములకు పంపుటకు దారి తీసెను. 2005 లో సుప్రీముకోర్టు ఈ పనికై యొక సంఘము నేర్పఱచెను. మధ్యవర్తి కాదలచినవారు 40 గంటల శిక్షణ పొంది, 10 నిజమైన తగవులలో మధ్యవర్తిత్వము నెఱపియుండుట అవసరమని ఆ సంఘము నిర్ణయించినది. మన జిల్లాకోర్టుల ఆవరణములలోని మధ్యవర్తిత్వ కేంద్రములు ఈ త్రోవనే వచ్చినవి.

ఆ గంటలలో నేర్పునది చట్టము మాత్రమే గాదు, వినుట నేర్పుదురు. కల్పిత తగవును తీసికొని ఒకరు భార్యగా, ఒకరు భర్తగా, ఒకరు మధ్యవర్తిగా కూర్చుండి అభ్యాసము చేయుదురు. “ఆమె మా అమ్మను చూడదు” అని భర్త కసరినపుడు, “మీ తల్లిగారి యారోగ్యమును గూర్చి మీకు దిగులుగా నున్నది గదా” యని మాటలోని ముల్లు తీసి మరల నెదుట పెట్టుట నేర్తురు. అవునని, కాదని ముగియు ప్రశ్నలు తగ్గించి, “ఏమి జరిగినదో మీ మాటలలో చెప్పుడు” అని యడుగుట నేర్తురు. తమ యభిప్రాయమును లోపలనే యుంచుకొనుట, మాట ముందుకు సాగనపుడు తొందరపడకుండుట, ఒప్పందమును సందేహమునకు తావులేకుండ వ్రాయుట నేర్తురు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది మధ్యవర్తిత్వమునకు తగిన తగవు గాదని గుర్తించి ఆపివేయుటయు నేర్వవలసినదే. “పెద్దలము చెప్పినట్లు వినెదవా” యను ప్రశ్నకు ఈ విద్యలో చోటు లేదు.

2013 లో, అప్పటి ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన యొక దంపతుల వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, సంసారపు తగవులు మధ్యవర్తిత్వమునకు మిక్కిలి తగినవనియు, కోర్టుకెక్కక మునుపే సహాయము చేయుటకు మధ్యవర్తిత్వ కేంద్రములలో ఏర్పాటు లుండవలెననియు సుప్రీముకోర్టు నుడివెను. ఆ దంపతుల తగవు దశాబ్దమునకు పైగా సాగినది. చిన్ననాడే ఆర్పదగిన నిప్పు ఇల్లంతయు కాల్చిన తరువాత నీళ్లు తెచ్చిన నేమి లాభము?

2023 సెప్టెంబరులో మధ్యవర్తిత్వ చట్టము రాష్ట్రపతి యామోదము పొందెను. భారత మధ్యవర్తిత్వ మండలి యను దానిని నెలకొల్పవలెనని అందు గలదు. మధ్యవర్తుల పేరులను నమోదు చేయు విధానమును నిర్ణయించుట, వారి శిక్షణకును పరీక్షకును ధ్రువపత్రములకును ప్రమాణము లేర్పఱచుట, అవసరమైనచో నమోదును నిలిపివేయుట, రద్దుచేయుట ఆ మండలి పనులు. తమకు ఆ తగవులో నేదైన స్వార్థ సంబంధ మున్నచో మధ్యవర్తి ముందుగానే వ్రాతమూలముగా తెలుపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. మా బంధువుల యింట ఈ యొక్క నియమమే యుండిన వ్యాపార భాగస్థుడు ఆ కుర్చీలో కూర్చుండియుండడు. అయితే సోదరీమణులు ఒకటి గమనింపవలెను. ఈ చట్టమంతయు ఒక్క దినమున అమలునకు రాలేదు. 2023 అక్టోబరు 9 న కొన్ని సెక్షనులు మాత్రమే వచ్చినవి. మండలిని గూర్చినవి వానిలోనివి. కనుక పని పడిన దినమున ఏ భాగము అమలులో నున్నదో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో విచారించుకొనుట మేలు.

ఇక పట్టా యున్నంతమాత్రమున నమ్మవచ్చునా? నమ్మరాదు. 40 గంటలనగా దినమునకు ఎనిమిది గంటల చొప్పున అయిదు దినములు. అయిదు దినములలో క్రొత్తకోడలికి పులుసు పాకము కుదరదు. ఒకరి సంసారపు పాకము కుదురునా? తరగతిలో కూర్చున్నందుకు ఇచ్చిన కాగితము వేఱు, పని చేయగలరని పరీక్షించి యిచ్చిన కాగితము వేఱు. ఈ భేదమును ఇంగ్లండు పద్ధతి చక్కగా చూపుచున్నది. పిల్లలను గూర్చి గాని ధనమును గూర్చి గాని కుటుంబ న్యాయస్థానమునకు వెళ్లగోరువారు ముందుగా మధ్యవర్తిని కలిసి విషయము తెలిసికొనవలెనని 2014 ఏప్రిలునుండి అక్కడ చట్టము విధించినది. గృహహింస యున్నచోట మినహాయింపు గలదు. ఆ మొదటి సమావేశము జరిగినదని సంతకము చేయు నర్హత కుటుంబ మధ్యవర్తిత్వ మండలి గుర్తింపు పొందినవారికే. శిక్షణ ముగిసినంతనే ఆ గుర్తింపు రాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిజమైన తగవులు నడిపి, వాని వివరములు కూర్చి చూపి, పరీక్షలో నిలువవలెను. అనగా వారి యొద్ద పట్టా యనునది విన్న పాఠములకు గాక చేసిన పనికి గుర్తు.

భయమున్న చోటును గూర్చి మఱి రెండు మాటలు చెప్పవలసియున్నది. మధ్యవర్తిత్వమునకు ప్రాణము ఇష్టపూర్వకమైన యంగీకారము. కొట్టువాని యెదుట కూర్చున్న స్త్రీ “సరే” యన్నచో అది యంగీకార మగునా? 2005 నాటి గృహహింస చట్టము క్రింద మేజిస్ట్రేటు పక్షములవారిని సలహాదారుల యొద్దకు పంపవచ్చును. ఆ సలహాదారులను గూర్చి 2006 నాటి నియమములు చెప్పునది మనమందరము కంఠస్థము చేయదగినది. తగవుతో సంబంధము గలవారు గాని, పక్షములవారి బంధువులు గాని, అందరును వ్రాతమూలముగా ఒప్పుకొన్ననే తప్ప, ఆ పనికి తగరు. సాధ్యమైనంతవరకు సలహాదారులు స్త్రీలై యుండవలెను. కొట్టితిని గాని దానికి కారణము గలదని అక్కడ సమర్థించుకొననీయరాదు. మన సావడులలో జరుగు పంచాయితీలలో సగము ప్రొద్దు ఆ కారణములు వినుటకే పోవుచున్నది గదా!

ఇన్నియు చెప్పి, ఇంటిలోని యాడువారు చేయవలసిన దేమో చెప్పకున్న వ్యాసము వ్యర్థము. తగవు తీర్చవచ్చిన వారిని కొన్ని సంగతులు అడుగుడు. ఎవరి యొద్ద, ఎన్ని గంటలు శిక్షణ పొందితిరి? కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రపు పట్టికలో మీ పేరున్నదా? ఇట్టి కుటుంబ తగవులు ఎన్ని నడిపితిరి? మాలో నెవరితోనైన మీకు బంధుత్వము గాని, బాకీ గాని, వ్యాపారము గాని కలదా? మా యమ్మాయితో వేరుగా మాటాడుదురా? మీ ఫీజెంత, ఎవ రీయవలెను? మీ వలన తప్పు జరిగినచో మేమెవరితో చెప్పుకొనవలెను? ఈ ప్రశ్నలలో అమర్యాద యేమియు లేదు. విద్య నేర్చినవారు వీనికి సంతోషముతో బదులు చెప్పుదురు. ముఖము చిట్లించినవారి యొద్ద మన కాపురమును పెట్టకుండుటయే మంచిది.

కాగితము వ్రాసిన తరువాత బిగ్గరగా చదివించుకొనుడు. నగలు, సామాను, సొమ్ము, గడువు, బిడ్డ ఎవరి యొద్ద నుండునది, చదువు ఖర్చు ఎవరిది, అన్నియు పేరుపేరున నున్నవో చూడుడు. స్త్రీధనము స్త్రీ సొత్తే యని 1985 లో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పియున్నది; కాగితములో దాని యూసు లేకుండ సంతకము చేయుట తొందరపాటు. ఆ రాత్రికే సంతకము కావలెనని పట్టుపట్టిన, ఉదయము వఱకు ఆగుమని చెప్పుడు. న్యాయవాదికి ఫీజు లేదని దిగులు పడవలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె యాదాయ మెంతయైనను, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు.

చివరగా మన పెద్దలను గూర్చియే ఒక మాట. 2023 చట్టము పెద్దరికమును త్రోసివేయలేదు. ఊరిలోను పేటలోను శాంతికి భంగము కలిగించు తగవులకు ముగ్గురు సాముదాయిక మధ్యవర్తులను నియమించు పద్ధతిని అందులో చేర్చినది. వారు పెద్ద పరీక్షలలో నెగ్గినవారు కానక్కఱలేదు. ఊరివారి గౌరవమును, మంచిపేరును ఉన్నవారు కావలెను. స్త్రీలకును స్థానముండుట మంచిదని అందు వ్రాయబడియున్నది. కాని వారు కుదిర్చిన యొప్పందమునకు కోర్టు డిక్రీ బలము లేదని గూడ అదే చట్టము గీత గీచినది. పెద్దరికమునకు గౌరవ మిచ్చుచునే, దాని హద్దును చూపినదన్న మాట.

మఱి ఆ కుర్చీలలో మన మెందులకు కూర్చుండరాదు? ఇరువురు తోడికోడండ్ర నడుమ, అత్తకును కోడలికిని నడుమ మాట జారకుండ ఏండ్ల తరబడి ఇల్లు నడిపిన స్త్రీలు మన పాఠకులలో వేలకొలది కలరు. ఆ యనుభవమునకు శిక్షణ తోడైనచో కొఱత యేమి? పిల్లలు పెద్దవారై తీరిక కలిగిన సోదరీమణులు, ముఖ్యముగా చదువుకొన్నవారును, న్యాయవాదులును, ఉపాధ్యాయినులుగా పనిచేసి విరమించినవారును, తమ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఈ శిక్షణను గూర్చి విచారింప గోరుచున్నాము.

మా బంధువుల యమ్మాయి వ్యవహారము తుదకు కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రములో ముగిసినది. అక్కడి మధ్యవర్తి నడివయస్సు గల స్త్రీ. మొదటి దినముననే ఆమె అందరిని బయట కూర్చుండుమని చెప్పి, పిల్లను లోనికి పిలిచి తలుపు మూసినది. గంటసేపు ఆ తలుపు తెఱవలేదు. కాపురము నిలువలేదు, కాని నగలు తిరిగి వచ్చినవి, బిడ్డ తల్లి యొద్దనే యున్నాడు, తండ్రి ఆదివారములందు వచ్చి చూచిపోవుచున్నాడు. మేము బయట బల్లమీద కూర్చుండి ఆ మూసిన తలుపు వంక చూచుచు, ఈ గంట మూడేండ్లకు ముందే దొరికియుండిన నెంత బాగుండెడిదో యనుకొంటిమి.